బోరింగు కాడ నేర్చిన ఇంగ్లీషు

ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. ఊరికే అనడం లేదు, వెతికి చూసి అంటున్నాను.

మా మనవరాలు ఏడో తరగతి. బుక్కరాయసముద్రంలో మా ఇంటి వరండాలో కూర్చుని రోజూ సాయంత్రం ఫోనుతో ఇంగ్లీషు నేర్చుకుంటుంది. ఫోను ప్రశ్న అడుగుతుంది, ఈ పిల్ల జవాబు చెబుతుంది. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఫోను చప్పట్లు కొట్టి ఒక నక్షత్రం ఇస్తుంది. ఆకాశంలో ఉన్నన్ని నక్షత్రాలు పోగయ్యాయి గానీ, క్లాసులో మిస్ లేపి అడిగితే మాత్రం నోరు పెగలదట. కిందటి నెల ఏడుస్తూ ఇంటికి వచ్చింది.

"ఆ ఫోనుతో ఒకసారి కొట్లాడి చూడు పాపా," అన్నాను.

"ఫోనుతో యాడన్నా కొట్లాడతారా జేజీ?"

అదీ నిజమే. కానీ నాకు వచ్చిన ఇంగ్లీషంతా కొట్లాటలో వచ్చిందే. ఆ మాట చెబితే మా అమ్మాయి కూడా నమ్మలేదు. అందుకని ఆటో ఎక్కి అనంతపురం గ్రంథాలయానికి పోయాను. నేను బడిలో చదివింది ఇంటర్ వరకే. మిగతాదంతా ఆ గ్రంథాలయంలోనే. చరిత్ర, వైద్యం, నవలలు, తేనెటీగల పెంపకం, ఏ అలమారానూ వదల్లేదు. తేనెటీగలు మాకు లేవు, అయినా చదివాను. ఈసారి ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల అలమారా తెరిపించాను. ఒక లావుపాటి పుస్తకంలో పరాయి భాష నేర్పేటప్పుడు హాస్యం ఎట్లా వాడుకోవాలో ఒక అధ్యాయం మొత్తం ఉంది. నవ్వితే భయం తగ్గుతుందట, భయం తగ్గితే నాలుక కదులుతుందట. మూడు రోజులు కూర్చుని చదివాను. హోటల్లో కాఫీ అడగడం, రైల్వే స్టేషన్లో టికెట్ అడగడం, ఇవీ ఉదాహరణలు. మా ఊరి బోరింగు అందులో లేదు. ఉండవలసింది. అందుకే రాస్తున్నాను.

మాది కంబదూరు వైపు ఒక పల్లె. నేను పదో తరగతిలో ఉన్న ఏడు కూడా ఎప్పటిలాగే వాన రాలేదు. ఊరికంతా నీళ్లు వచ్చే బోరింగు ఒకటే, బడి కిటికీకి ఎదురుగా. చేతిపంపు అనాలి గానీ మా వైపు అందరూ బోరింగు అనే అంటారు. నూట యాభై సార్లు కొడితే ఒక కడవ నిండేది. కొట్టినప్పుడల్లా అది ముసలి ఎద్దులా మూలిగేది. చుట్టూ రెండు బారల మేర మాత్రమే నేల తడిగా ఉండేది. ఊరు మొత్తం మీద మట్టి వాసన వచ్చేది అక్కడొక్కచోటే. మిగతా ఊరంతా ఎండిన వేరుశనగ కట్టె వాసన, మా మాటలో చెనిక్కాయ కట్టె.

బోరింగు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. తెల్లవారకముందే వచ్చి వరసలో కడవ పెట్టాలి. కడవ వదిలిపోతే పగులుతుందన్న భయం ఉన్నవాళ్లు రాయి పెట్టిపోవచ్చు. ఎవరి రాయి వాళ్లది. ఒకరు సున్నం బొట్టు పెట్టుకునేవారు, ఒకరు బొగ్గుతో గీత గీసుకునేవారు. రాయి వరసలో ఉందంటే మనిషి నిలబడినట్టే. దాన్ని ఎవరూ జరపకూడదు, దాటకూడదు, కాలు అసలే తగలకూడదు. మా అమ్మ రాయి నల్లగా, బొండుగా, పసుపు బొట్టుతో ఉండేది. పొద్దున సంగటి కెలికేటప్పుడు అమ్మ ఇంట్లో ఒకచోట, బోరింగు దగ్గర ఒకచోట ఉన్నట్టు లెక్క.

మేము పిల్లలం ఏం చేసేవాళ్లమంటే, ఎవరూ లేని వేళ చూసి రెండు రాళ్లు అటుదిటు, ఇటుదటు మార్చి, కిటికీ దగ్గర కూర్చుని జరగబోయేదాని కోసం ఎదురుచూసేవాళ్లం. ఎక్కువ సేపు చూడాల్సిన పని ఉండేది కాదు.

"ఏమే, నీ రాయికి కాళ్లొచ్చినాయేమే ముందుకు నడిసింది?"

"నీ రాయి నిద్దరపోయి ఎనక్కి పడింటాది, నాదేం చేస్తాది?"

ఇట్లా మొదలై మూడు తరాల వెనక్కి పోయేది కొట్లాట.

ఇక ఇంగ్లీషు సంగతి. మా ఊళ్లో ఇంగ్లీషు అంటే పరీక్ష తప్పే సబ్జెక్టు అని అర్థం. పాత సారు బెత్తంతో చెప్పేవారు. ఆయన పాఠం చదివితే మేము తల వంచుకుని బెంచీ మీద గీతలు లెక్కపెట్టుకునేవాళ్లం. మా అన్న అన్నీ పాసై ఇంగ్లీషులో మూడుసార్లు తప్పి, చివరికి తాడిపత్రిలో బండల పాలిషింగుకు పోయాడు. అందుకే మా నాయన నాతో ముందే చెప్పేశాడు.

"సూడు పాపా, ఇంగిలీసు ఒక్కసారి రాసేది. గట్టెక్కితే కళ్యాణదుర్గం కాలేజీ. తప్పితే నాతో చేనుకి. మీ అన్నకు మాదిరి మూడుసార్లు ఫీజు కట్టేది నా చేత కాదు."

లెక్కల్లో, సైన్సులో నేను ఫస్టు. ఇంగ్లీషులో నన్ను లేపితే మాత్రం బోరింగు ఎండినట్టు నోరు ఎండిపోయేది.

ఆ ఏడు కొత్త సారు వచ్చారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో బెత్తం లేకుండా. మొదటి రోజు పుస్తకం తెరిచి ఒక వాక్యం చదివారు. మా మొహాలు చూశారు. పుస్తకం మూసి కిటికీలోంచి బయటకి చూశారు. బోరింగు దగ్గర యథాప్రకారం కొట్లాట జరుగుతోంది.

"ఏమంటాండారు వాళ్లు?" అని అడిగారు.

చెప్పాం. బూతులు తీసేసి చెప్పాం.

"దీన్ని ఇంగ్లీషులో అంటే ఎట్లుంటాది?" అన్నారు సారు.

మర్నాటి నుంచి అదే పాఠం. తలా ఒక రాయి తెచ్చుకున్నాం. బల్ల బోరింగు, గది ముందుభాగం వరస. మనకంటే ముందున్న రాయిని ఇంగ్లీషులో కొట్లాడి వెనక్కి పంపాలి. మధ్యలో తెలుగు మాట దొర్లితే నీ రాయి చివరికి పోతుంది. "ఐ కేమ్ ఫస్ట్." "నో, యూ కేమ్ లేట్." "గో బ్యాక్." "యూ గో బ్యాక్, యువర్ స్టోన్ ఆల్సో గో బ్యాక్." కావలసిన మాట తెలియకపోతే సారును అడగవచ్చు. ఆయన నిఘంటువు తిప్పి బోర్డు మీద రాసేవారు.

నా వంతు వచ్చింది. అమ్మను తలుచుకుని, రాయిని చూపించి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను. "దిస్ స్టోన్ ఈజ్ మై మదర్."

క్లాసు క్లాసంతా బెంచీల మీద పడి దొర్లింది. సారు కూడా డస్టరు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఏడుపు వచ్చేదే, అంతలో ఆయన గొంతు సవరించుకుని, "దీంట్లో తప్పేముండాది? ఈ ఊర్లో ఇది కరెక్టే," అని బోర్డు మీద ఆ వాక్యాన్ని అట్లాగే రాసి కింద గీత గీశారు. అది నేను పుట్టి నోరు తెరిచి పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం. దాని తరువాత ఆగలేదు. ఇంటికి పోయి ఎనుముతో కొట్లాడాను, మేకతో కొట్లాడాను. ఎనుము వింటున్నట్టే ఉండేది.

"ఏందమ్మే, పాపకు గాలి గాని సోకిందా?" అని నాయన అమ్మను అడిగాడు.

"చదువుకుంటాంది, గమ్మునుండు," అంది అమ్మ.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, బడికి ఇంకో పక్క అంగడి ఉంది. అంగడి శెట్టి తాతను ఊరంతా గౌరవించేది. బడి కమిటీకి పెద్ద కూడా ఆయనే. బెల్లం, కిరసనాయిలు, ఎండుమిరపకాయలు కలిసిన వాసన మధ్యలో, గోనెసంచుల మీద మధ్యాహ్నం ఒక కునుకు తీయడం ఆయనకు అలవాటు. మా ఇంగ్లీషు పీరియడు సరిగ్గా ఆ వేళకే. మేము ఒక నవ్వు నవ్వితే ఆయన ఒకసారి లేచి కూర్చునేవాడు.

"ఏమప్పా సారూ, బడా ఇది, తోలుబొమ్మలాటా?" అని ఒకరోజు గుమ్మంలోకే వచ్చాడు. "పిల్లోల్లు నగుతాంటే చదువు యాడ నుంచి వస్తాది? నేను చదివిన మూడు క్లాసుల్లో ఒక్కపొద్దన్నా నగిండానా?"

"అందుకే మూడు క్లాసులు తాతా," అన్నాడు వెనక బెంచీలో ఎవడో. అది వినబడకుండా ఉంటే బాగుండేది.

శెట్టి తాత వారం తిరక్కుండా పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. పిల్లలు చదవడం లేదు, నవ్వుతున్నారు, అని. విచారణకు ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. హెడ్మాస్టరు మమ్మల్ని వరండాలో నిలబెట్టి విషయం చెప్పారు. ఆఫీసరు చెడ్డగా రాస్తే సారును వేరే ఊరికి పంపిస్తారు. అప్పుడు ఇంగ్లీషు హెడ్మాస్టరే చెబుతారు. ఆయన లెక్కల మనిషి. గైడు ఇచ్చి కంఠతా పట్టమంటారు. మా అన్న మూడుసార్లు కంఠతా పట్టింది ఆ గైడే.

ఆ సాయంత్రం నాకు సంగటి దిగలేదు. ఊరిబిండి పచ్చడి ఎంత వేసినా దిగలేదు. సారు పోతే నా నోరు మళ్లీ మూతబడుతుందని నాకు తెలుసు. నోరు మూతబడితే చేనే.

మర్నాడు సారు మాకు కొత్త పాఠం చెప్పారు. నవ్వకుండా కూర్చోవడం. "ఆఫీసరు వచ్చిన పొద్దు నేను పుస్తకం చదువుతా. మీరు నా ఎనక చదవల్ల. రాళ్లు బయట పారేయండి. ఎవరూ నగొద్దు." రెండు రోజులు అదే అభ్యాసం. నవ్వకూడదు అనుకుంటే వచ్చే నవ్వు మామూలు నవ్వు కాదు. ఒకరి తొడ ఒకరు గిల్లుకున్నాం. ఒక పిల్ల చెంగు నోట్లో కుక్కుకుంది. ఆ రెండు రోజులూ మేము నవ్వినంతగా ఏడాది మొత్తం నవ్వలేదు.

ఆఫీసరు రానే వచ్చాడు. ఎండకు జీపు ముందుభాగం నుంచి పొగలు. ఆయన దిగి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అర్జీదారుగా శెట్టి తాత గుమ్మం దగ్గర, ఆయన వెనక ఏం జరుగుతుందో చూద్దామని వచ్చిన ఊరి జనం. మేము శవాల్లా కూర్చున్నాం. సారు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టారు. అంతా సవ్యంగానే సాగేది.

కానీ నేను కిటికీ పక్కన కూర్చున్నాను. జీపు డ్రైవరు పెద్ద డబ్బా పట్టుకుని బోరింగు దగ్గరకు నడిచాడు. వరస చూడలేదు, రాళ్లు చూడలేదు. అడ్డం వచ్చిన దాన్ని బూటు కాలితో పక్కకు తన్ని, డబ్బా పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. అతను తన్నింది నల్లటి బొండురాయి. పసుపు బొట్టు రాయి.

నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "యూ, గర్ల్. స్టాండప్. వాట్ హ్యాపెండ్?"

లేచాను. తరువాత జరిగింది నేను అనుకుని చేసింది కాదు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఒకటే రకం. ఆ రకమే వచ్చింది.

"సర్, యువర్ డ్రైవర్ కిక్ మై మదర్."

ఆఫీసరు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు ఉరికాడు. "వాట్! వేర్? వేర్ ఈజ్ యువర్ మదర్?"

"దేర్ సర్. బ్లాక్ స్టోన్."

"దట్ ఈజ్ ఎ స్టోన్!"

"యెస్ సర్. ఫ్రమ్ మార్నింగ్ షి ఈజ్ స్టాండింగ్."

ఆయన సారు వైపు తిరిగి, "మాస్టర్," అన్నాడు. ఇంకేదో అడగబోయాడు. సారు చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది. కానీ అడగనిచ్చింది ఎవరు? నా వెనక బెంచీ లేచింది. దాని వెనక బెంచీ లేచింది.

"సర్, దేర్ ఈజ్ లైన్!"

"యువర్ డ్రైవర్ కేమ్ లేట్!"

ఆఫీసరు చెయ్యెత్తాడు. "సైలెన్స్! జీప్ ఈజ్ హాట్. ఇట్ నీడ్స్ వాటర్."

"మై మదర్ ఆల్సో హాట్ సర్," అన్నాను.

"దిస్ ఈజ్ గవర్నమెంట్ జీప్!"

"దట్ ఈజ్ గవర్నమెంట్ పంప్ సర్. గవర్నమెంట్ జీప్ ప్లీజ్ స్టాండ్ ఇన్ గవర్నమెంట్ లైన్."

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఇంగ్లీషులో నోరు తెరిచి ఏమీ రాకపోవడం ఎట్లా ఉంటుందో మాకు బాగా తెలుసు.

గుమ్మంలో శెట్టి తాత పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "ఏమంటాందిరా పాప?"

"జీపును లైన్లో నిలబడమంటాంది తాతా."

"ఆఫీసరునే?"

"ఆఫీసరునే."

"ఆయన ఏమంటాండాడు?"

"ఏమీ అనేదానికి రాలేదు తాతా ఆయనకు."

మాటలు తెలియకపోయినా రాగం అందరికీ తెలుసు. ఊరి ఆడవాళ్లు రోజూ పాడే రాగమే కదా. అంతవరకు మా ఊరివాళ్లు ఆఫీసర్ల ముందు కండువా తీసి చంకలో పెట్టుకున్నవాళ్లే గాని, ఎదురు మాట అన్నవాళ్లు లేరు. జనంలో ముందు ఎవరు నవ్వారో తెలియదు. నాకైతే శెట్టి తాతే అనిపించింది. ఆ నవ్వు గుమ్మం దాటి, వరండా దాటి, బోరింగు దాకా పోయింది. చివరికి ఆఫీసరు కూడా జేబురుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నట్టు నటించాడు గాని, భుజాలు కదులుతున్నాయి.

ఆయన కిటికీలోంచి డ్రైవరును కేకేశాడు. "ఏయ్, ఆ డబ్బా తీసి చివర్లో పెట్టు. ఆ రాయి ఎక్కడుండిందో అక్కడ పెట్టు. చేత్తో."

జీపుకు ముందు పద్దెనిమిది కడవలు. ఎవరూ వదులుకోలేదు. అంటే ఆఫీసరు అంతసేపూ మా ఊళ్లోనే ఉండాలి. ఉంటే తినాలి. మా అమ్మ సంగతి తెలిసి పరుగున వచ్చింది. తన్నించుకున్నది ఈమె రాయే అయినా క్షమాపణ మాత్రం ఈమే చెప్పి, "సారూ, పిల్ల తెలీక మాట్లాడింది, రెండు ముద్దలు తిని పోండి," అని సంగటి, ఊరిబిండి, మజ్జిగ బడికే మోసుకొచ్చింది. మా వైపు అతిథి చాలు అంటే ఆపేయడం మర్యాద కాదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా ఆ చేతి మీద వడ్డించాలి. మా క్లాసు ఆ మర్యాద ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఈట్ సర్! వై నాట్ ఈటింగ్?"

"వన్ మోర్ సర్! ఈజ్ అవర్ ఫుడ్ బ్యాడ్?"

"ఇనఫ్, ఇనఫ్," అంటూ ఆయన మూడో ముద్ద తిన్నాడు. కొట్లాటకూ మర్యాదకూ మా ఊళ్లో గొంతు ఒకటే అని ఆయనకు అప్పటికి అర్థమై ఉంటుంది.

పొద్దు వాలే వేళకి జీపుకు వంతు వచ్చింది. పోయేముందు బడి పుస్తకంలో ఆఫీసరు రెండు వాక్యాలు రాశాడు. హెడ్మాస్టరు పైకి చదివారు. పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం వచ్చింది. ఇక మెల్లగా మాట్లాడటం నేర్పవలెను. అంతే. సారు ఉండిపోయారు.

మర్నాడు శెట్టి తాత కునుకు మానుకుని మరీ క్లాసుకు వచ్చాడు. "సారూ, ఆ జీపు మాట నాకొకటి తెలుగులో రాసియ్యి. టౌను ఆఫీసుల్లో పనికొస్తాది."

నేను ఇంగ్లీషు ఒక్కసారే రాశాను, గట్టెక్కాను. నాయన చేనులో ఉండగా పోయి చెప్పాను. గుంటక ఆపాడు. "సరే. కాలేజీకి పో. ఆడ మాత్రం ఎవురితోనూ కొట్లాడొద్దు," అన్నాడు.

ఇది రాసే ముందు సారు అనుమతి అడగాలనిపించింది. నెంబరు సంపాదించి ఫోను చేశాను. ఎనభైకి దగ్గరపడ్డారు. ముందు నన్ను గుర్తుపట్టలేదు, రాయి సంగతి చెప్పగానే పట్టారు. నేను గొప్పగా గ్రంథాలయంలో చదివిన పుస్తకం సంగతి ఎత్తుకున్నాను. మీరు ఆనాడే ఇంత పద్ధతి పాటించారు సార్, నవ్వుతో భయం పోగొట్టి నాలుక కదిలించడం అంటారు దీన్ని, అని అధ్యాయం మొత్తం అప్పజెప్పి థ్యాంక్స్ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పుస్తకం మంచిదేలే తల్లీ. నేను చేసింది మాత్రం అది కాదు," అన్నారు. "నాకు ఇంగ్లీషు చదివేది వచ్చు, రాసేది వచ్చు. మాట్లాడేది రాకుండె. మొదటి పొద్దు ఒక లైను చదివి మీ మొగాలు సూసినా. ఎవరన్నా ఏమన్నా అడిగితే ఏం చెప్పల్ల అని భయపడి పుస్తకం మూసేసినా. దోవ దొరక్క కిటికీలో నుంచి సూసినా. మీరు నగుతాంటే నా తప్పులు ఎవరికీ ఇనపడవు కదా? అట్ల మీతో పాటే నేనూ నేర్చుకున్యా."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఆ పొద్దు ఆఫీసరు 'మాస్టర్' అని నా తట్టు తిరిగినాడు సూడు, నా పని అయిపోయిందనుకున్యా. ఆయన అడిగింటే నా నోట్లో నుంచి ఒక్క మాట వచ్చేది కాదు. అంతలో మీరందరూ లేసినారు. నా ఉద్యోగం నిలబెట్టింది మీరు. నువ్వేంది, నాకు థ్యాంక్స్ చెప్పేదానికి ఫోన్ చేసినావు?"

రాసుకోమన్నారు. తన పేరు మాత్రం వద్దన్నారు. మనవళ్ల దగ్గర ఆయనకు గొప్ప ఇంగ్లీషు సారు అని పేరట.

అందుకే ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు. కృతజ్ఞతలకు మాత్రం పేర్లు ఉండాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ శిక్షణ పుస్తకాల అలమారా తాళం వెతికి తెరిచిన గ్రంథాలయం రమణమ్మకు, మూడు రోజులూ నన్ను తీసుకుపోయి తీసుకొచ్చిన ఆటో ఖాజాకు, సారు నెంబరు పట్టిచ్చిన శెట్టి తాత మనవడు శ్రీనివాసులుకు, నా చేతిరాత చదవలేక తిట్టుకుంటూనే టైపు చేసిన మా అమ్మాయి సుజాతకు, సారు మాటలు చెప్పాక "మా మిస్‌కు కూడా భయమేనేమో జేజీ" అని మర్నాడు క్లాసులో తనంతట తానే లేచి ఇంగ్లీషులో జవాబు చెప్పిన మనవరాలు హాసినికి, తన వంతు ఎవరికీ వదలని మా అమ్మ గంగమ్మకు.

ఇక సారుకు. మీ మనవళ్లు ఇది చదివినా మీరేనని కనుక్కోలేరు సార్. మా క్లాసు వాళ్లు మొదటి పేజీలోనే కనుక్కుంటారు. వాళ్లలో ఒక్కరూ చెప్పరు.